తూకానికి ముందు

బయట ఎండ. కోటు లోపల వాన.

వానకోటుకు మెడదాకా బొత్తాలు పెట్టుకుని మునిశేఖర్ ఐరాల దారిలో పరిగెత్తుతున్నాడు. రెండు పక్కలా మామిడితోటలు. ఆకు కదలడం లేదు. చెమట వీపు మీదుగా జారి, నడుము దగ్గర ఆగి, మళ్లీ జారుతోంది...

రేపు పొద్దున తిరుపతిలో తూకం.

ఎనభై ఐదు కిలోలు దాటినవాణ్ని కబడ్డీ ఆడనివ్వరు. పాత జట్టు పోయిన ఏడే వదిలేసింది. ఈ కొత్త జట్టు కూడా తీసుకోకపోతే, ముప్పై నాలుగేళ్లవాణ్ని ఇంకెవరూ పిలవరు.

అతనిది ఎడమ మూల. కూతకు వచ్చినవాడి చీలమండ పట్టుకోవడం — అదే పని. పట్టుకుని నేలకు కరుచుకుపోవాలి. పైన జట్టంతా పడుతుంది. మోకాలి మీద పడుతుంది. వేళ్ల మీద పడుతుంది. పోస్టర్ మీద మాత్రం కూత పెట్టినవాడి బొమ్మే పడుతుంది.

వేళ్లు ఎప్పుడో వంకరపోయాయి. పొద్దున అతను లేచిన కాసేపటికి గానీ మోకాలు లేవదు.

అలసట... నిద్రపోతే తీరే అలసట కాదు.

పోయిన నెల పెళ్లయింది.

భార్య కోమలి రోజూ ఆ మోకాలికి ఐసు కడుతుంది. మిగిలిన ముక్కను బుగ్గన పెట్టుకుని నవ్వుతుంది. ఆ నవ్వుకు నొప్పి కూడా ఒక్క క్షణం తల తిప్పి చూస్తుంది.

కొత్త జంటను చుట్టాలందరూ విందుకు పిలిచారు. పిలిస్తే వెళ్లాలి. వెళితే తినాలి. ఒక ఇంట తిని ఇంకో ఇంట వద్దంటే, ఆ ఇంటివాళ్లకు చిన్నతనం. ఓళిగలు, నెయ్యి, సంగటి, నాటుకోడి పులుసు... నిన్న కోమలి పెద్దమ్మ భారతమ్మ ఇంట్లో, చివరికి, విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెయ్యి తియ్యి అల్లుడా! తియ్యకపోతే చేతి మీదనే ఏస్తా, సూడు."

"తూకం ఉండాది అత్తా..."

"బరువు పెరిగితే మంచిదే కదప్పా! ఎవురు తోసినా పడవు."

ఎంతటివాణ్నయినా ఆపిన చేతులు ఒక గరిటెను ఆపలేకపోయాయి.

తెల్లారింది. తిరుపతి. మైదానం పక్కన తూకం యంత్రం.

అరకిలో ఎక్కువ.

కోచ్ ధనంజయ అంకె వైపు చూశాడు, అతని వైపు చూశాడు.

"పెండ్లి చేసుకున్నావా, పెండ్లి పందిరిని మింగినావాప్పా? తొమ్మిది దాకా టైముండాది. పో, పరిగెత్తి రా."

మునిశేఖర్ కోటు తొడుక్కున్నాడు. మైదానం అంచుదాకా నడిచాడు. కూర్చుండిపోయాడు.

నోరు ఎండిపోయింది. నిన్న సాయంత్రం నుంచి నీళ్లు ముట్టలేదు. అతని ఎదుట తాగలేక కోమలీ ముట్టలేదు.

ఎదురుగా కొండలు. ఎంత బరువో... వాటిని ఎవరూ లెమ్మనరు.

ఇలాగే కూర్చుంటే — ఇక మోకాలి మీద ఎవరూ పడరు.

ఆ ఆలోచన తియ్యగా గొంతులోకి జారింది. వెంటనే భయం వేసింది. పట్టుకోవడం తప్ప ఈ చేతులకు ఇంకేం తెలుసు?

అతని వెంట తిరుపతికి వచ్చిన కోమలి దగ్గరికి వచ్చింది. చెప్పులు విడిచింది. కుచ్చిళ్లు పైకెత్తి నడుముకు దోపుకుంది.

"నేను ముందర పరిగెత్తతా. పట్టుకోండి సూద్దాం."

"పట్టుకుంటే?"

"ఇంటికి పోదాం. ఇంక తూకమే లేదు."

"పట్టుకోకపోతే?"

"పరిగెత్తతానే ఉందాం."

అంటూనే ఉరికింది.

ఎర్రమట్టి లేచింది. కొత్త మెట్టెలు ఎండకు మెరిశాయి. అతను లేచాడు. కాసేపటికి మోకాలూ లేచింది.

ఒక చుట్టు. చెమట పుట్టింది.

ఇంకో చుట్టు. మోచేతుల నుంచి చుక్కలు రాలుతున్నాయి. ఆమె వెనక్కి చూసి నవ్వింది. ఆయాసపడుతూ, నవ్వుతూ, కాస్త నెమ్మదించింది.

ఆమె చీలమండ ఒక్క దూకు దూరంలో ఉంది.

ఇంత దగ్గరికి వచ్చిన కాలిని అతను ఏనాడూ వదల్లేదు.

నడుము వంగింది... మళ్లీ నిటారుగా లేచింది... మళ్లీ వంగింది...

అతను పరిగెత్తుతున్నాడు.