సీసాల్లోకి పోసిన మంచినీళ్లు

మెదక్‌లో రసాయనాల ఫ్యాక్టరీ విస్తరణపై ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతోంది. ఐలవ్వ బావి నీళ్లలో ఏ దోషమూ లేదని శాస్త్రవేత్త పరమేశ్ ఇచ్చిన నివేదికను అధికారి చదివి వినిపించాడు. ఇక అనుమతి వచ్చినట్టేనని కంపెనీ మనుషులు నవ్వుకున్నారు.

వెనక వరుసలోంచి ఐలవ్వ లేచింది. ఆమె పొలం ఫ్యాక్టరీ గోడ పక్కనే ఉంది.

"సారూ, గా నీళ్లు మా బాయివి కావు."

పరమేశ్ ఉలిక్కిపడ్డాడు. "సీసాలు నువ్వే గద అవ్వా నింపి ఇచ్చినవ్?"

"మస్తు ఎండల పడి వచ్చిండ్రు, నీళ్లు కావాలంటిరి. మా బాయి నీళ్లు మేకలు గూడ ముట్టయి. ఇంటికొచ్చినోళ్లకు గవెట్ల పోస్త? దూరం పోయి ఎల్లం బాయిల చేదుకొచ్చి పోసిన."

"పరీక్షకు అవ్వా, తాగనీకె కాదు!" అన్నాడు అధికారి. హాలంతా నవ్వింది.

పరమేశ్ నవ్వలేదు. "తప్పు నాది సార్. బాయికాడికి నేనే పోయి తోడాల్సింది. ఎండకు ఓర్వలేక చెట్టు కింద కూసున్న. ఆ రిపోర్టు చెల్లది."

"సంతకం పెట్టినంక కాదంటే నౌకరి పోతది. కూసోండ్రి," అన్నాడు అధికారి.

"పోతే పోనీయుండ్రి. నా సంతకం వాపస్ తీసుకుంటున్న. ఈ మాట గూడ రాయుండ్రి."

సభలో మాటలు రాసుకుంటున్న గుమాస్తా, అధికారి ముఖం చూశాడు. కలం కదపలేదు.

ఐలవ్వ వచ్చి బల్ల ముందు నేల మీద కూర్చుంది. "రాసేదాక లేవ," అంది.

పరమేశ్ వేదిక దిగి ఆమె పక్కన కూర్చున్నాడు. ఊరివాళ్లు ఒక్కొక్కరే కుర్చీలు వదిలి వాళ్ల వెనక చేరారు.