పొద్దుగూకాక అందని వార్తలు

నాకు సాయంత్రం వార్తలు చదివే పని ఇచ్చారు. మా రేడియోలో అంతకన్నా పెద్ద మెట్టు లేదు. నాన్న మాత్రం ఫోన్ చేసి ఆ పని వదిలెయ్యమన్నాడు. ఆయనకు వినపడటం లేదట.

పొద్దున్న వార్తలు చదివినన్నాళ్లూ నా గొంతు మా ఊరికి నిక్షేపంగా అందేది. నాన్న టైలరు. నేను మొదలుపెట్టగానే కత్తెర పక్కన పెట్టి, మిషన్లు ఆపించి, కొట్టుకొచ్చినవాళ్లందరికీ బలవంతంగా వినిపించేవాడు. తర్వాత ఫోన్ చేసి నా తప్పులు ఏరి మరీ చెప్పేవాడు. సాయంత్రానికి మారాక గరగర తప్ప ఏమీ లేదు. నేరం ఎవరిదో ఆయనే తేల్చేశాడు. ట్రాన్స్‌మిటర్ దగ్గర డ్యూటీ చేసేది మా ఆయన కాబట్టి, అల్లుడే కావాలని నా గొంతు నొక్కుతున్నాడు.

మా ఆయన ఓపిగ్గా చెప్పి చూశాడు. పగలు మన తరంగాలు నేల పట్టుకుని పోతాయి, పైకెళ్లినవాటిని ఆకాశంలో ఒక పొర మింగేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర ఉండదు. తరంగాలు ఇంకా పైకి పోయి, అక్కడున్న ఇంకో పొరకు తగిలి, సముద్రం అవతలెక్కడో దిగుతాయి. అక్కడ ఇదే నంబరు మీద ఇంకో స్టేషన్ ఉంది. వాళ్లకు అడ్డం పడకుండా సాయంత్రం పవర్ తగ్గించాలని రూలు. నాన్న అంతా విని, అల్లుడు కథలు బానే చెబుతాడని ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత అల్లుడితో మాట్లాడటమే మానేశాడు.

ఇద్దరి మధ్యా నలిగింది నేను. నలిగి ఊరుకునే రకాన్ని కాదు కనక మా ఆయన్ని నలిపాను. కంచంలో అన్నం పెట్టినప్పుడల్లా సాధించాను. చివరికి ఆయనే దిగొచ్చి, రేపు ఒక్కరోజు వార్తలయ్యేదాకా పవర్ తగ్గించనన్నాడు. పట్టుబడితే ఉద్యోగం ఊడుతుంది. అయినా వద్దనడానికి నాకు నోరు రాలేదు.

వెంటనే నాన్నకు ఫోన్ చేశాను. ఎగిరి గంతేస్తాడనుకుంటే, ఆయన వేరే సంగతి ఎత్తుకున్నాడు. ఈ మధ్య సాయంత్రాలు ఆ గరగరలోంచి ఇంకో గొంతు తేలుతోందని చెప్పాడు. ఎవరో అమ్మాయి, చదివేది వార్తల్లాగే ఉందట. ఒక్క ముక్క అర్థం కాదు. కానీ ఎక్కడ తడబడిందో, ఎక్కడ ఊపిరి చాలక మాట మింగిందో ఆయన పట్టేస్తున్నాడు. నాకంటే నిదానంగా చదువుతుందని కూడా అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"అయితే రేపు నన్ను వినవా?"

"అల్లుడు పవర్ తగ్గించకపోతే, ఆ పిల్ల మాట సముద్రం అవతలివాళ్లకి వినపడదు కదే."

"వినపడకపోతే మనకేంటి నాన్నా?"

"ఆ పిల్లకీ ఓ నాన్న ఉంటాడుగా. ఫోన్ అల్లుడికియ్యి, వద్దని నేనే చెబుతా."

ఫోన్ మా ఆయనకిచ్చి పక్కకు తిరిగాను. కళ్లనీళ్లు ఆగలేదు. మర్నాడు పొద్దుగూకగానే ఆయన పవర్ తగ్గించాడు. నేను వార్తలు చదివాను. ఆ వేళకు నాన్న కొట్లో మిషన్లు ఆపించి ఆ అమ్మాయిని వింటున్నాడు.