నా మీద అంటించిన అక్కాచెల్లెళ్లు

నేను ఒక బొమ్మల పుస్తకాన్ని. బొమ్మలనగానే పిల్లలదేలే అని పక్కన పెట్టేయకండి. అలా పెట్టేసినవాళ్లను చూసీ చూసీ నాకు ఓపిక అయిపోయింది. నాలో ఉన్నది ఇద్దరు ఆడవాళ్ల కథ. మల్లిక, హంస ఒకే ఇంట్లో కాపురం ఉంటారు, ఒకరంటే ఒకరికి ప్రాణం. దయ్యాల్లేవు, యుద్ధాల్లేవు. ఆఫీసు వేడుకలో హంస మల్లికను "మా రూమ్మేట్" అని పరిచయం చేస్తుంది. ఇంటికొచ్చాక మల్లిక బీరకాయ తరుగుతూ, అలగకుండా, అరవకుండా, "నాకు బాధేసింది" అంటుంది. హంస కత్తిపీట పక్కనే కూలబడి, "మనం జంట. ఆ మాట అందరిలో అనడానికి నాకు భయమేసింది" అంటుంది. కూర ఉడికేదాకా ఇద్దరూ ఆ బాధ గురించీ, ఆ భయం గురించీ మాట్లాడుకుంటారు.

నన్ను గీసిన వకుళ ఆ ఒక్క సంభాషణ కోసమే మిగతా పుస్తకమంతా గీసింది. ప్రచురణకర్త శ్రీపతిగారు బొమ్మలన్నీ తిరగేసి నిట్టూర్చారు.

"ఎవరో ఒకరు చచ్చిపోయేలా రాయొచ్చు కదమ్మా? చదివేవాళ్లకి జాలైనా కలుగుతుంది. నువ్వేమో వీళ్లని హాయిగా కూర తరుక్కోనిచ్చావు."

"చచ్చిపోయేవాళ్లని నేను చాలా చదివానండీ," అంది వకుళ. "బతికి మాట్లాడుకునేవాళ్లు ఒక్కరూ దొరకలేదు. నాకు దొరకనిది ఇంకొకరికైనా దొరకాలి."

ఆయన మనసు మెత్తబడింది, అచ్చు వేశారు. కట్టలు కట్టాక మళ్లీ గట్టిపడింది. ఆమెతో ఒక్కమాటైనా చెప్పకుండా ప్రతి ప్రతిలోనూ "మనం జంట" అన్నచోట సన్నని కాగితం ముక్క అంటించేశారు. దాని మీద "మనం అక్కాచెల్లెళ్లం" అని ఉంది. తెలిసి పరిగెత్తుకొచ్చిన వకుళ కట్టలోంచి నన్ను తీసి ఆ ముక్కను గోటితో గీకింది. కింది కాగితం కూడా లేచొస్తుంటే ఆపేసి, నన్ను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు మీరే చెప్పండి. అక్కాచెల్లెళ్లమని నలుగురిలో చెప్పడానికి ఎవరికైనా భయమెందుకు? హంస ఎందుకు భయపడిందో, మల్లిక ఎందుకు నొచ్చుకుందో చదివినవాళ్లెవరికీ అర్థం కాలేదు. ఒక విమర్శకుడు "కథలో బలం లేదు" అని తేల్చేశాడు. నోరు నొక్కేసి, గొంతు బాగాలేదన్నట్టుంది వ్యవహారం. ఒక పెద్దమనిషి కొట్లాడుకునే తన కూతుళ్లకు నీతి నేర్పుదామని నన్ను కొనుక్కెళ్లాడు. వాళ్లు హంసకు మీసాలు పెట్టి, పాత పేపర్లతో కలిపి తూకానికి వేశారు. నాకు మీసాల మీద కోపం లేదు. నా మాట చేరాల్సినవాళ్లకు చేరకుండా పోతోందని మాత్రం ఒళ్లు మండిపోయేది.

అలా తిరిగి తిరిగి హనుమకొండలో ఫుట్‌పాత్ మీద తేలాను. అట్ట మీది ఇద్దరాడవాళ్లను చూసి రజిత నన్ను కొనుక్కుంది. ఆమె, ఝాన్సీ ఒక మేడ మీద ఇంట్లో అద్దెకుంటున్నారు. ఇల్లు దొరకాలని ఓనరమ్మకు అక్కాచెల్లెళ్లమని చెప్పారు. అక్కడితో ఆగితే సరిపోయేది. నన్ను కొన్న మర్నాడు పొద్దున ఝాన్సీ తనతో పనిచేసే నర్సు పెళ్లిలో, ఎవరూ అడక్కుండానే, రజితను "మా చెల్లె" అని అందరికీ చూపించింది. రజిత తిరిగొచ్చి బ్యాగు సర్దుకుంది. హాస్టల్‌కు వెళ్లిపోదామని ఆటో పిలిచి, అది వచ్చేలోపు నన్ను తెరిచింది.

చదువుతూ చదువుతూ ఆ ముక్క దగ్గర ఆగింది. "పుస్తకంల గూడ గదే అబద్ధం!" అని నన్ను గోడకేసి కొట్టింది. నాకు నోరుంటే ఆ క్షణాన అరిచి చెప్పేదాన్ని. ఇన్నాళ్లకు నేను ఎవరికోసం పుట్టానో ఆ మనిషి దొరికింది, నన్ను చదివింది, నా వల్లే ఇంకా విసిగిపోయింది.

ఆమె వెంటే పెళ్లి నుంచి వచ్చిన ఝాన్సీ నన్ను తీసి, నిలబడే ఆ పేజీలు చదివింది. మళ్లీ మొదటికొచ్చి చదివింది.

"రజితా, వీళ్లు అక్కచెల్లెండ్లు కాదు."

"గట్లనే రాసుంది కదా."

"రాస్తే రాసిండ్రు. మా అక్కతోని నేనెప్పుడన్న గిట్ల మాట్లాడిన్నా? పొద్దున జుట్లు పట్టుకుంటం, పగటీలికి అన్నం కాడ ఒకటైతం. నాకు భయమైంది, నీకు బాధైందని కూసొని ఎవ్వలు చెప్పుకుంటరు? గంత జాగర్తగ మాట్లాడుతున్నరంటే, ఒకలు ఇడిచిపెట్టి పోతరేమోనని ఇంకొకలు భయపడుతున్నట్టే." ఆమె నన్ను మూసి పక్కన పెట్టింది. "నాకు గూడ భయమైంది. పెండ్లిల ఎవలన్న అడుగుతరేమోనని, అడగకముందే నోరు జారిన."

రజిత ఆమె వైపు తిరిగింది. "ఇంటి కోసం ఆడిన అబద్ధం నేను గూడ ఒప్పుకున్న. అక్కర లేని కాడ నన్ను చెల్లెను చెయ్యకు. పేరు వెట్టి పిలువు, చాలు."

ఆటో అతను ఫోన్ చేస్తే ఇంకాసేపు ఆగమంది. వెళ్లనని మాత్రం అనలేదు.

ఆ ముక్క కింద అసలు ఏముందో వాళ్లిద్దరూ చూడనే లేదు. ఆ మాట నేను చెప్పలేకపోయానన్న కోపం నాకిప్పటికీ తగ్గలేదు. ఇలాంటివాళ్లు ఇంకెంతమంది ఆ ముక్క దగ్గరే ఆగిపోయి నన్ను మూసేశారో.

ఇంతలో ఓనరమ్మ మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టింది. "ఝాన్సీ, మీ చెల్లె ఉన్నదా? మోటర్ బంద్ చెయ్యమను."

ఝాన్సీ తలుపు తీసింది. "రజిత ఇంట్లనే ఉన్నది ఆంటీ. రజితకు చెప్త."

ఓనరమ్మ ఏమీ గమనించకుండా దిగిపోయింది. లోపల రజిత ఫోన్ తీసి, ఆటో అతన్ని వెళ్లిపొమ్మంది.