కోడు అవతల దారి

అత్తగారు బతికుండగానే ఆవిడ వల్లకాటికి వెళ్ళే దారికి సూర్యకళ సిమెంటు పోయించుకుంటోందని మరిడమ్మ అందట. పాలకేంద్రం దగ్గర క్యాన్లు దించుతున్న ఆడవాళ్ళతో అంది. వాళ్ళలో ఒకావిడ ఆ మాటని కిరాణా కొట్టు దాకా మోసుకెళ్ళింది. కొట్టు దగ్గర్నుంచి కాలవ రేవు మీదుగా అది సూర్యకళ పెరట్లోకి వచ్చి పడేసరికి సిమెంటు కాస్తా గ్రానైటు రాయి అయింది. ముసలావిడకి మందులు కూడా మానిపించేసిందని ఎవరో ఒక కొసరు తగిలించారు.

గిన్నెలు తోమే మనిషి ఇదంతా చెబుతుంటే సూర్యకళ చేటలో బియ్యం చెరుగుతోంది. చేట ఆగలేదు గానీ నూకలతోపాటు బియ్యం కూడా కింద పడ్డాయి. లోపలి గదిలో మంచం మీదున్న అచ్చాయమ్మకి కాళ్ళు పోయాయి, చూపు పోయింది. చెవులు మాత్రం పదునుగానే ఉన్నాయి.

"ఏంటే, ఏమంటోంది ఆ మరిడి?"

"ఏం లేదత్తయ్యా. మీరు పడుకోండి."

"పడుకునే కదే ఉంటా. విన్నాన్లే. అవును, మా అత్తగారి కోసమేనని చెప్పు, తప్పేంటి? మీ మావయ్యగారు పోయినప్పుడు మీ ఆయన కోడు దాటి మెడ దాకా బురదతో ఇంటికొచ్చాడు. నాకసలే నీళ్ళంటే భయం. ఈ ఊరికి కాపరానికొచ్చాక కాలవలో ఒక్క మునక వెయ్యలేదు నేను, ఎప్పుడూ గట్టు మీద కూచుని చెంబుతో పోసుకోవడమే."

"ఊరుకోండత్తయ్యా, సందెవేళ ఏం మాటలవి" అంది సూర్యకళ. ఊళ్ళో ఏ కోడలైనా అనే మాటే అంది.

అసలు దీన్ని మొదలుపెట్టింది పాలెం బుల్లబ్బాయి. తాటిదిబ్బలో రైతుల ఇళ్ళు కాలవ పక్కన ఉంటాయి. చేపలు పట్టేవాళ్ళ పాలెం ఊరి చివర. రెంటికీ దక్షిణాన మురుగుకోడు. చేలల్లో నీళ్ళూ రొయ్యల చెరువుల నీళ్ళూ అన్నీ అందులోకే దిగి సముద్రం దారి పడతాయి. కోడు అవతల ఎత్తుగా ఉన్న మెరక మీద ఊరి వల్లకాడు. ఎడంపక్క రైతులది, కుడిపక్క పాలెం వాళ్ళది. కాలే చోట్లు వేరైనా వెళ్ళే పుంతదారి ఒకటే, దాటాల్సిన కోడూ ఒకటే. ఎండాకాలం మోకాలి లోతుంటుంది, వానలు పట్టాయంటే మనిషి మునుగుతాడు. వెనక తాటిపట్టెల వంతెన ఒకటి ఉండేది. చెరువుల కోసం గట్లు తవ్వినప్పుడు అదీ పోయింది. మళ్ళీ ఎవరూ వెయ్యలేదు. చావు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వంతెన గుర్తుంటుంది, దినం భోజనాలు అయ్యాక ఎవరి చెరువు వాళ్ళది.

బుల్లబ్బాయి ఒకనాడు మట్టగిడస చేపల బుట్ట సూర్యకళ అరుగు మీద దించి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"అమ్మగారూ, ఊరి ప్లానేదో ఈసారి మీ సంఘం ఆడాళ్ళ చేత వేయిస్తారంట కదండీ. ఆ కోడులో నాలుగు తూములు దించి పైన చప్టా పోయించే మాట అందులో పెట్టించండి. పోయిన వానల్లో మా వదిన్ని దోనెలో పెట్టి దాటించాం. దోనె ఊగిపోతా ఉంటే మా అన్న నీళ్ళలో ఈదుకుంటా పాడె పట్టుకున్నాడండి. ఇప్పటికీ ఆడు సరిగ్గా మాట్లాడ్డు."

"ఆ మాట నువ్వే సభలో చెప్పకూడదూ?"

"నేను చెబితే అది నా గొడవవుద్దండి. మీరు చెబితే ఊరిదవుద్ది. ఆయ్."

సూర్యకళ డ్వాక్రా సంఘం లీడరు. బ్యాంకుకెళ్ళి మేనేజరుతో కూర్చుని మాట్లాడొచ్చే మనిషి. బుల్లబ్బాయి అన్నది ఆమెకి బాగా నచ్చింది. తప్పకుండా చెబుతానని మాటిచ్చింది.

ఊరి పటం వేయించడానికి మండలం నుంచి పావని అనే అమ్మాయి వచ్చింది. ఊరికి ఏ పనులు కావాలో ఊరివాళ్ళే తేల్చుకోవాలి, అందుకు ముందు ఊరిని ఊరివాళ్ళే గీసి చూసుకోవాలి. అదీ పద్ధతి. గీసేది పంచాయతీ ఆఫీసు ముందు గచ్చు మీద, ముగ్గుతో. ముగ్గన్నాక ఆడవాళ్ళే. మగవాళ్ళకి అది చెరువుల్లో మేత వేసే వేళ. ఒకరిద్దరు వచ్చి బండి మీదనుంచే "మా డాబా ఇంకొంచెం పెద్దగా వెయ్యండే" అని వేళాకోళమాడి పోయారు.

పటం మాత్రం చూడముచ్చటగా వచ్చింది. కాలవకి నీలం, చేలకి ఆకుపచ్చ, ఇళ్ళకి ఇటుకముక్కలు, కొబ్బరితోటలకి నిజం ఆకులే తెచ్చి గుచ్చారు. మరిడమ్మ తన ఇంటి ముందు తులసికోట కూడా పెట్టుకుంది. దక్షిణం మూల కోడుకి నీలంగీత పడ్డాక చేతులన్నీ ఆగిపోయాయి.

"దీనవతల ఏముందండీ?" అని అడిగింది పావని.

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "అటు మేం వెళ్ళమమ్మా" అందొకావిడ. నిజమే. ఆ గచ్చు మీదున్న వాళ్ళలో ఒక్కరూ కోడు దాటి ఎరగరు. మొగుణ్ణి పంపినవాళ్ళున్నారు, కన్నబిడ్డని పంపినవాళ్ళున్నారు. వీధి చివరిదాకా ఏడుస్తూ నడిచి, అక్కణ్ణుంచి ఎవరో భుజాలు పట్టి తిప్పితే వెనక్కి వచ్చినవాళ్ళే అంతా. ఊళ్ళో ఎవరింట్లో పొయ్యి ఏ మూలుందో చెప్పగలరు గాని, కోడు ఎంత లోతో, పుంత ఎటు తిరుగుతుందో వాళ్ళకి తెలీదు. తెలిసిన మగవాళ్ళు చెరువు గట్ల మీదున్నారు.

సూర్యకళ గుప్పెట్లోకి పిండి తీసుకుని వంగింది. "మనవాళ్ళని తీసుకెళ్ళే చోటుంది కదండీ అవతల. పుంత ఒక గీత వేద్దాం. అక్కడే చప్టా అడగాలని..."

మరిడమ్మ ఆమె మణికట్టు పట్టేసుకుంది. "ముగ్గుతోనా? మతుండే మాట్లాడుతున్నావా? లక్ష్మీదేవిని పిలిచే పిండితో వల్లకాడు వేస్తావా? అందులోనూ ఇంట్లో మంచం పట్టిన మనిషిని పెట్టుకుని!"

"పోనీ బొగ్గుతో గీద్దామాండీ?" అంది పావని.

"ఇంకా నయం, బూడిద అన్లేదు" అని ఎవరో అనేసరికి అందరూ నవ్వారు. నవ్వు అయ్యాక కూడా రెండు మూడు జతల కళ్ళు సూర్యకళ మీదే ఉండిపోయాయి.

"సరేనండీ, సభలో నోటితో చెప్పండి, రాసుకుంటాను" అని పావని అక్కడితో తేల్చేసింది. సూర్యకళ గుప్పెట్లో పిండి మళ్ళీ పళ్ళెంలో పోసింది. పటానికి ఫోటో తీసి పైకి పంపారు. ఆ ఫోటోలో తాటిదిబ్బ కోడు దగ్గరే అయిపోయింది.

మరిడమ్మ మాట పాలకేంద్రం ఎక్కింది ఆ మర్నాడే.

సభకి ముందురోజు సాయంత్రం సూర్యకళ భర్త సత్యప్రసాద్ భోజనం దగ్గర ఆమెతో అన్నాడు. "నీకెందుకే ఈ గొడవ? రేపు సభలో నువ్వామాట ఎత్తుతావు. ఎల్లుండి అమ్మకేదైనా అయిందనుకో, నువ్వే రాసిపెట్టావంటారు. వచ్చే ఏడు చెబుదువుగాని."

"వచ్చే ఏడు దాకా ఎవరూ పోరా ఏంటి?"

"పోతే పోతారు. నీ నోటిమీదుగా ఎందుకు?"

గ్రామసభకి షామియానా వేశారు. సర్పంచి ప్రసన్నకుమారి ఒక కుర్చీలో, ఆవిడ మాటలన్నీ మాట్లాడే భర్త దొరబాబు పక్క కుర్చీలో. పావని పనులు చదివింది. ఊరి మొదట్లో స్వాగత ద్వారం. దొరబాబు వీధికి సిమెంటు రోడ్డు. బస్సాగే చోట కూర్చునే బల్లలు. ఒక్కోదానికీ చప్పట్లు కొట్టారు.

"ఇంకా చెప్పేవాళ్ళున్నారాండీ?" పావని సూర్యకళ వంకే చూస్తూ అడిగింది.

సూర్యకళ లేచింది. మాట నాలుక చివరే ఉంది. వెనక వరసలోంచి మరిడమ్మ ఎంతో ఆప్యాయంగా, అందరికీ వినపడేలా పలకరించింది.

"మీ అత్తగారికి ఎలా ఉందమ్మా ఇప్పుడు?"

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆడవాళ్ళ వరసంతా మెడలు తిప్పి ఆమెని చూసింది. ముసలావిడకి తల దువ్వి, ముద్ద కలిపి పెట్టి, ఒళ్ళు తుడిచి, పక్క మార్చి ఆమె సంపాదించుకున్న పేరొకటి ఆ ఊళ్ళో ఉంది. సూర్యకళలాంటి కోడలు దొరకాలని పెళ్ళిచూపుల్లో చెప్పుకునే పేరు. ఆ పేరు ఇప్పుడు వాళ్ళ చూపుల మధ్య వేలాడుతోంది.

"మా వీధిలో రెండు లైట్లు వెలగట్లేదండి" అని చెప్పి కూర్చుంది.

షామియానా గుంజ దగ్గర నిలబడ్డ బుల్లబ్బాయి కాసేపు ఆగాడు. ఆమె మళ్ళీ లేవదని తెలిశాక తనే గొంతు సవరించుకున్నాడు. "కోడు మీద చప్టా సంగతండి..."

"ఒరేయ్ బుల్లబ్బాయ్, శుభమా అని స్వాగత ద్వారం కట్టుకుంటుంటే నువ్వు సాగనంపే ద్వారం ఎత్తుతావేంట్రా?" అన్నాడు దొరబాబు. షామియానా గొల్లుమంది. బుల్లబ్బాయి సూర్యకళ వైపు చూశాడు. ఆమె పైట సర్దుకుంటూ నేలకేసి చూసింది.

ఇంటికి రాగానే మంచం మీదనుంచి ప్రశ్న వచ్చింది. "చెప్పావుటే?"

"చెప్పానత్తయ్యా. రాసుకున్నారు."

"హమ్మయ్య" అంది అచ్చాయమ్మ. ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ తింది.

వేసవిలో స్వాగత ద్వారం లేచింది. రెండు పక్కలా ఏనుగులు, పైన సర్పంచి దంపతుల పేర్లు. బుల్లబ్బాయి చేపలు తేవడం మానలేదు. కాకపోతే బుట్ట అరుగు ఎక్కడం మానేసింది. గేటు దగ్గరే తూచి ఇచ్చి, ఆమె రేటు అడిగితే చెప్పి, వెళ్ళిపోయేవాడు.

సార్వా వరిచేలు ఈనే రోజుల్లో వాయుగుండం పట్టింది. ముసురు విడవకుండా కురుస్తున్న ఒక పొద్దున్న, గంజి తాగుతూ తాగుతూ అచ్చాయమ్మ ఒక గుక్క దగ్గర ఆగిపోయింది. సూర్యకళ ఇంకో చెంచా పట్టుకుని, మింగుతుందని చూస్తూ కూర్చుంది.

వాన తగ్గితే చూద్దామన్నారు. తగ్గలేదు. కరెంటు లేదు, ఐసుపెట్టె తేవాలంటే నరసాపురం రోడ్డు మీద నీళ్ళు. ఇక ఉంచడానికి లేదని మర్నాడు మధ్యాహ్నం పాడె కట్టారు. దోనెల కోసం పాలెం కబురు పెట్టారు. బుల్లబ్బాయి, వాళ్ళ అన్న, ఇంకా కొందరు కుర్రాళ్ళు పిలిచిన వెంటనే వచ్చారు. సూర్యకళ వీధి చివరిదాకా నడిచింది. అక్కడ మరిడమ్మే ఆమె భుజాలు పట్టి వెనక్కి తిప్పింది. తిరిగి చూస్తే గొడుగుల కింద మగవాళ్ళ వీపులు, ఆ పైన వానలో కలిసిపోయిన పుంత.

దీపాలు పెట్టే వేళ దాటినా మగవాళ్ళు రాలేదు. చీకటి పడ్డాక వచ్చినవాళ్ళు ఎవరూ అరుగు మీద కూర్చోలేదు, గుమ్మంలోంచి దీపం చూసి తల వంచుకుని వెళ్ళిపోయారు. సత్యప్రసాద్ పెరట్లో నూతి గట్టు మీద కూలబడ్డాడు. చొక్కా బొత్తాలకి గుర్రపుడెక్క వేళ్ళు చుట్టుకుని ఉన్నాయి.

"ఏమైందండీ?"

"దోనె ఒరిగిపోయిందే." అతని పళ్ళు కొట్టుకుంటున్నాయి. "ఎగువ నుంచి డెక్క దిబ్బలా కొట్టుకొచ్చి ఒక్కసారి తగిలింది. అమ్మ జారిపోయింది. నేను పట్టుకున్నాను, గుడ్డ చేతికొచ్చింది."

సూర్యకళ అతని బొత్తాలకి చుట్టుకున్న డెక్క వేళ్ళు ఒక్కొక్కటీ విప్పసాగింది.

"బుల్లబ్బాయి వాళ్ళు మునిగి మునిగి వెతికారు. ఎక్కడో కిందికి పోయి డెక్క కింద చిక్కుకుంది. జుట్టు విడిపించడానికే చాలాసేపు..."

"కట్టెలు అంటుకున్నాయా?" అడిగింది సూర్యకళ.

"టైర్లు వేశాం."

ఆమె లోపలికెళ్ళి, ఖాళీ మంచం మీద దుప్పటి తీసి మడత పెట్టింది. మడత విప్పి మళ్ళీ పెట్టింది. చెప్పాను, రాసుకున్నారు అన్న తన గొంతు ఆ గదిలో ఇంకా ఉన్నట్టే ఉంది.

పెద్దకర్మ నాటికి ఎండ కాసింది. పెరట్లో టేబుళ్ళు వేసి భోజనాలు పెట్టారు. కోడులో దిగి వెతికినందుకు పాలెం వాళ్ళనీ పిలిచారు, వాళ్ళకి పశువుల పాక పక్కన బల్ల వేశారు. సూర్యకళ పులుసు గరిటె పట్టుకుని ఆ బల్ల దగ్గరే ఉంది. బుల్లబ్బాయి అన్న అన్నంలో వేలు పెట్టి గీతలు గీస్తున్నాడు, తినడం లేదు.

దొరబాబు చెయ్యి కడుక్కుని పెరటి మధ్యకి వచ్చి నిలబడ్డాడు. "సూర్యకళమ్మా, ఈసారి ప్లానులో ఒకటో పని ఆ చప్టానే. నేను దగ్గరుండి రాయిస్తాను. నువ్వేం దిగులు పెట్టుకోకు."

"ముందే ఉండాల్సిందండీ అది" అన్నారు నలుగురూ.

మరిడమ్మ ముక్కు చీదింది. దొంగ ఏడుపు కాదు. ఆవిడకీ అచ్చాయమ్మకీ చెరిసగం వక్క నమిలిన స్నేహం. "మా వదినకి పట్టిన గతి పగవాళ్ళకి కూడా వద్దమ్మా. పుణ్యాత్మురాలు, ఆవిడకే రావాలా? ఈ ఊళ్ళో ఎప్పుడన్నా, ఎవరికన్నా ఇలా జరిగిందా?"

"ఎక్కడ జరిగింది, ఎప్పుడూ లేదు" అని పెరడంతా తలలూపింది. సూర్యకళ కూడా ఊపబోయింది.

బుల్లబ్బాయి విస్తరాకు మడిచి లేచాడు. గొంతేమీ పెంచలేదు.

"ఎందుకు జరగలేదండీ? మా పాలెంలో ఏటా వానలకి జరుగుతానే ఉంది. ఈ అమ్మగారికి తెలుసు."