ఆ కాసేపు అతనెక్కడికి వెళ్ళాడు

డెలివరీ వ్యాను సందులోంచి దూసుకొచ్చి నా కారు తలుపును గుద్దింది. నా తల పక్క అద్దానికి కొట్టుకుంది. ఆ తర్వాత గుర్తున్నది ఒకే ఒక్క దృశ్యం. వ్యాను డ్రైవరు ఒక అట్టపెట్టె పట్టుకుని, నాకు వీపు చూపిస్తూ నడిచి వెళ్ళిపోతున్నాడు. పరుగెత్తడం లేదు. పెట్టెను రెండు చేతులతో, అంచుదాకా నిండిన గిన్నెను పట్టుకున్నట్టు, ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తున్నాడు. కొంతసేపటికి తిరిగొచ్చాడట. నన్ను ఆసుపత్రి బండి ఎక్కించిన చేతుల్లో అతనివీ ఉన్నాయట. అదేదీ నాకు తెలియదు.

"భయపడి పారిపోయాడు, దారిలో బుద్ధొచ్చి వెనక్కొచ్చాడు," అని మా బావ తేల్చేశాడు. బావ డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. తన దగ్గర నేర్చుకున్నవాళ్ళకు తప్ప లోకంలో ఎవరికీ స్టీరింగ్ పట్టుకోవడం రాదని ఆయన నమ్మకం. నాకు నేర్పింది కూడా ఆయనే కనుక, తప్పు నాది కాదని జరిగింది చూడకుండానే తీర్పు చెప్పేశాడు.

నాకు మాత్రం ఆ నడక అంతుపట్టలేదు. భయపడి పారిపోయేవాడు బరువెందుకు మోసుకెళ్తాడు?

తల గాయం త్వరగానే మానింది. వాసన తిరిగి రాలేదు. నేను సబ్బుల ఫ్యాక్టరీలో వాసన చూసే ఉద్యోగం చేస్తాను. కలిపిన ముద్ద అచ్చులకు వెళ్ళేముందు నా బల్ల మీదికి కొంచెం వస్తుంది. నేను సరే అంటే వెళ్తుంది, కాదంటే ఆగుతుంది. అక్కడ నన్ను పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. "ముక్కు వచ్చిందా?" "ముక్కు భోజనానికి వెళ్ళింది." అంతే.

పోయిన వాసన చీకటిలా ఉంటుందనుకున్నాను. కాదు. చీకటిని చూడవచ్చు, ఇక్కడ చూడడానికి కూడా ఏమీ లేదు. ఇల్లు ఇంటి ఫోటోలా తయారైంది. గంధం, నిమ్మతొక్క, తడిసిన సున్నపు గోడ. మాటలన్నీ ఉన్నాయి, తలుపు తడితే లోపల ఎవరూ పలకరు. ఒకరోజు స్టవ్ మీద పాలు మాడి నల్లబడుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాను. కింది వాటాలో ఉండే అక్క పరుగున వచ్చింది.

"ఒసే, ఇల్లు తగలెడతావా? మా ఇంట్లోకి వచ్చింది కంపు!"

"ఎలా ఉంది?" అన్నాను.

"ఏమిటి ఎలా ఉంది?"

"ఆ కంపు."

అక్క నా ముఖంలోకి చూసింది. తర్వాత గిన్నె తోముతూ నిలబడిపోయింది. నేను ఏడిపించాలని అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

మేనేజరు మంచివాడు. ముక్కు తిరిగొస్తే నా బల్ల నాకే, రాకపోతే ప్యాకింగ్ సెక్షను అన్నాడు. ముక్కుకు మళ్ళీ మొదటినుంచి నేర్పించి చూడొచ్చని, చాలా కాలం పడుతుందని, వస్తుందని మాత్రం మాట ఇవ్వలేనని డాక్టరు అన్నాడు. అన్నాళ్ళు జీతం లేకుండా కూర్చుని వాసన నేర్చుకోవాలంటే నష్టపరిహారం రావాలి. రాకపోతే మర్నాటినుంచే అట్టపెట్టెలకు టేపు అంటించుకోవాలి. నా ముందున్నవి ఆ రెండే.

డెలివరీ కంపెనీ తరఫు బీమావాళ్ళు ముందు నేను నటిస్తున్నానేమో చూడమని తమ డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన నా కళ్ళకు గుడ్డ కట్టి ఒక్కో సీసా మూత తీస్తూ వచ్చాడు. ఏమీ లేదు, ఏమీ లేదు అంటూ పోయాను. ఒక సీసా దగ్గర మాత్రం తల వెనక్కి లాక్కున్నాను.

"ఏం వాసన?"

"వాసన లేదు. కుట్టింది."

గుడ్డ విప్పి నవ్వాడు. "ఘాటును పట్టుకునే నరం వేరమ్మా. అది మీకు బాగానే ఉంది. నటించేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతుంటాయి, 'అబ్బే, ఏమీ లేదండీ' అంటారు."

నా నష్టం నిజమేనని తేలింది. అప్పుడు కంపెనీ ఇంకో మెలిక పెట్టింది. ప్రమాద సమయానికి ఆ డ్రైవరు తమ పని మీద లేడట. అతని ఫోనులో 'అందజేశాను' అన్న మీట గుద్దుకోవడానికి ముందే నొక్కి ఉందట. పని అయిపోయాక సొంత పని మీద తిరుగుతున్నవాడికి తామెలా పూచీ పడతామన్నారు.

"అంటే పరిహారం అతన్నే అడుక్కోవాలి," అంది మా ప్లీడరమ్మ, కళ్ళజోడు పైటతో తుడుచుకుంటూ. "అతని దగ్గరేముంది, సొట్టపడ్డ వ్యాను తప్ప?"

"మరి ఆ పెట్టె?"

"ఏ పెట్టె?"

"అందజేసేసినవాడి చేతిలో పెట్టె ఎందుకుంది?"

ప్లీడరమ్మ కళ్ళజోడు పెట్టుకుని నన్ను కొత్తగా చూసింది. "బాగుంది. కానీ తలకి దెబ్బ తగిలిన మనిషి చూసిందంటే వాళ్ళు ఉఫ్‌మని ఊదేస్తారు. పెట్టె అందుకున్నవాళ్ళు కావాలి. కంపెనీ చచ్చినా చెప్పదు."

మర్నాడు ఆ మలుపు దగ్గరికి వెళ్ళాను. పరిహారం కోసమే వెళ్ళానంటే సగమే నిజం. డబ్బు ఊసు లేకపోయినా ఏదో ఒకరోజు వెళ్ళి ఉండేదాన్ని. నా జీవితం రెండుగా చీలిన చోట ఒక మనిషి నాకు వీపు చూపించి ఎక్కడికో వెళ్ళాడు. అక్కడేముందో చూడకుండా ఉండడం నా వల్ల కాదు.

వ్యాను వచ్చిన సందులోకి కాదు, అతను నడిచిన వైపు నడిచాను. టైర్ల దుకాణంవాడు చేతులు తుడుచుకుంటూ, "ఏ డెలివరీవాడని చెప్పను మేడమ్, చీమల బారులా తిరుగుతుంటారు," అన్నాడు. కుట్టు మిషన్ల దుకాణం మూసి ఉంది. దాని పక్కన పళ్ళ డాక్టరు క్లినిక్. అద్దాల తలుపు, ప్లాస్టిక్ కుర్చీలు, దవడ పట్టుకుని కూర్చున్న మనుషులు, మూలగా ఒక చేపల తొట్టె. కౌంటరు వెనక నడివయసు రిసెప్షనిస్టు.

ప్రమాదం సంగతి ఎత్తగానే ఆమె ముందుకు వంగింది.

"అయ్యో, ఆయనా! ఎందుకు గుర్తులేడండీ! మా తొట్టెకి గాలి కొట్టే మోటారు పాడైపోయింది. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. కొత్త మోటారు ఎప్పుడొస్తుందా అని నేను ఫోను చూసుకుంటుంటే 'అందింది' అని వచ్చింది. అందడమేంటి, నా మొహం! తిడదామని కంపెనీకి ఫోను చేస్తున్నాను, అంతలో బయట దబ్బుమని చప్పుడు. కాసేపటికి ఈయన లోపలికొచ్చాడు. నోటి నిండా రక్తం."

"నోటి నిండానా?"

"పెదవి చిట్లింది కాబోలు. నేనేమో పంటి పేషెంటు అనుకున్నాను. ఏదో చెప్పబోతే, 'నోరు తెరవకండి, రక్తం కారుతుంది, కూర్చోండి' అని టోకెన్ ఇచ్చి కూర్చోబెట్టాను."

"కూర్చున్నాడా?"

"కూర్చున్నాడండీ! పాపం, ఒళ్ళో పెట్టె పెట్టుకుని బుద్ధిగా. దూది కూడా కుక్కాను నోట్లో." ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది. "కాసేపటికి లేచి, దూది తీసి, 'మేడమ్, మోటారు' అని కౌంటరు మీద పెట్టి పరుగో పరుగు. ఏ పన్నో కూడా చూపించుకోలేదు."

నేనూ నవ్వాను. నాకు దెబ్బ తగిలాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. నన్ను రోడ్డు మీద వదిలేసిన మనిషి కాసేపు పళ్ళ డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చున్నాడు. విచారణకు వచ్చి ఇదంతా చెప్తారా అంటే ఆమె నిక్షేపంగా వస్తానంది.

సాక్ష్యం దొరికింది. అయినా డ్రైవరును చూడాలనిపించింది. ఫోను ఎత్తలేదు. గోడౌను వెనక, వ్యాన్లలోకి సరుకు ఎక్కించే చోట పట్టుకున్నాను. నన్ను చూడగానే పెట్టె కిందపెట్టి నిలబడ్డాడు.

"మేడమ్, నాతో మాట్లాడొద్దన్నారు కంపెనీవాళ్ళు. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంచుతామన్నారు."

"మీట ముందే ఎందుకు నొక్కారు?"

"అందరూ అంతే మేడమ్. మూల తిరగ్గానే నొక్కేస్తాం. గుమ్మం దగ్గర నొక్కితే లేటని పడుతుంది. తెలిస్తే మాత్రం తీసేస్తారు." కిందపెట్టిన పెట్టె వైపు చూశాడు. "నొక్కేశాక సరుకు చేరకపోతే దొంగ అంటారు. అందుకని ముందు అదే పట్టుకుని నడిచాను. అప్పుడు బుర్ర పనిచేయలేదు."

అతనికి తెలియని సంగతి చెప్పాను. సొంత పని మీద ఉన్నాడని తేలితే నా నష్టమంతా అతని మెడకే చుట్టుకుంటుంది. పని మీద ఉన్నాడని తేలితే కంపెనీ భరిస్తుంది, అతని ఉద్యోగం పోతుంది. చెబుతుంటే నా గొంతు నాకే అనుమానంగా వినిపించింది. ఇది అతని మేలా, నా మేలుకు వేసిన మంచి రంగా? రెండూ ఒకే మాటలో ఇమిడిపోతే మనిషి తనను తాను ఎలా పట్టుకోవాలి?

అతనికీ అదే అనుమానం వచ్చింది. "మీకు లాభం కాబట్టి చెప్తున్నారు."

"అవును. అయినా నిజమే. క్లినిక్ ఆవిడ ఎలాగూ చెప్తుంది. ఇంకెవరో చెప్పేకంటే ముందు నేనే చెబుదామని వచ్చాను."

"మరి నన్నేం చేయమంటారు?"

"ఏమీ చేయక్కర్లేదు. ఒక్కటి చెప్పండి. నేను రక్తంతో పడి ఉంటే ఎలా వెళ్ళబుద్ధేసింది?"

అతను వింతగా చూశాడు. "మీరే కదా మేడమ్ వెళ్ళమన్నారు? నేను తలుపు లాగుతున్నాను. మీరు కళ్ళు తెరిచి నా చంకలో పెట్టె చూశారు. 'ముందది ఇచ్చేసి రండి' అన్నారు."

నేనలా అన్నానా? వెతికాను. అక్కడ వాసనల గదుల్లాగే ఖాళీ. వీపు మాత్రమే ఉంది, దాని ముందు ఏమీ లేదు.

విచారణ రోజున రిసెప్షనిస్టు తొట్టెలోని చేపల పేర్లతో సహా అంతా చెప్పింది. బావ వెనక బెంచీ మీద కూర్చుని పకపకా నవ్వి చీవాట్లు తిన్నాడు. తర్వాత డ్రైవరును పిలిచారు. అతను కంపెనీవాళ్ళ వైపు చూడలేదు. మీట సంగతి, అందరూ నొక్కే తీరు, నడిచి వెళ్ళడం, కుర్చీలో కూర్చోవడం, వరసగా చెప్పాడు. నేను వెళ్ళమన్న మాటా చెప్పాడు.

కంపెనీ వకీలు చటుక్కున లేచాడు. "అమ్మా, అంత స్పృహలో ఉండి అంత తెలివిగా మాట్లాడినవారికి తలకి పెద్ద దెబ్బ తగిలిందంటారా?"

ప్లీడరమ్మ నా మోచేతిని గిచ్చింది. అనలేదని చెప్పమని. అనలేదంటే నా దెబ్బ మీద అనుమానం రాదు, డ్రైవరు మాత్రం మనిషిని రోడ్డు మీద వదిలి పోయినవాడు అవుతాడు. అన్నానంటే తెలియనిది చెప్పినట్టు.

"నాకు గుర్తు లేదు," అన్నాను. "కానీ అని ఉంటాను. ముద్ద అచ్చులకు వెళ్ళేముందు ఎవరైనా చేతిలో ఏదో పట్టుకుని నా బల్ల దగ్గర నిలబడితే నేను అనే మాట అది. ముందది ఇచ్చేసి రండి. అది అనడానికి స్పృహ ఉండక్కర్లేదు, అలవాటు చాలు."

విచారణాధికారి కలం ఆపి నన్ను చూసింది. తర్వాత రాసుకుంది. మధ్యాహ్నం తర్వాత తేల్చింది: అతను పని మీదే ఉన్నాడు, పరిహారం కంపెనీ ఇవ్వాలి. ముక్కుకు చదువు చెప్పించుకునే వ్యవధి నాకు దొరికింది. వస్తుందో రాదో ఎవరికీ తెలియదు.

మెట్ల దగ్గర డ్రైవరు ఒంటరిగా నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. తెర మీద కంపెనీ అతన్ని అప్పుడే తీసేసింది. "మందుల షాపువాళ్ళ వ్యాను ఒకటుందట, రేపు వెళ్ళి అడుగుతాను," అన్నాడు, నేను అడగకుండానే. తర్వాత అనుమానంగా, "నిజంగానే గుర్తు లేదా మేడమ్?"

"లేదు. ఎలా అన్నాను? ఏడుస్తూనా, బతిమాలుతూనా?"

అతను ఆలోచించాడు. గుర్తు చేసుకుంటున్నాడని ముఖం చూస్తే తెలుస్తోంది.

"విసుక్కుంటూ అన్నారు," అన్నాడు. "పనికి అడ్డొచ్చినట్టు."