మాన్స్ ముందు తలుపు

ఉత్తరాది లోయలోని కిన్‌లారిగ్ ఊళ్లో పాస్టరు గారి బంగళాను మాన్స్ అంటారు. పాస్టర్లు వెళ్లిపోయినా, సెలవులకు వచ్చేవాళ్లు అద్దెకు దిగుతున్నా ఆ పేరు మాత్రం పోలేదు. ఒకప్పుడు కోళ్ల గూడు ఉన్నచోట కొత్త యజమానులు వేడినీళ్ల తొట్టి పెట్టించారు. సన్నటి వానలో పీకలదాకా మునిగి వైన్ తాగే జనాన్ని రోడ్డు అవతల తన కిటికీలోంచి చూసి, పాత పాస్టరు గారు లేచొస్తే వీళ్లను ఉడకబెట్టిన కోళ్లనుకుంటారని డోలీనా మెకే నవ్వుకునేది.

ఆ ఇంటిని ఆవిడ కంటే ఎరిగినవాళ్లు ఊళ్లో మిగల్లేదు. తల్లీతండ్రీ పోయాక పసిపిల్లగా ఆ వంటింట్లోకి వచ్చింది, పాస్టరు గారి పెంపకంలో అక్కడే గిన్నెలు తోముతూ పెరిగింది. ఆ ఇంటి సంగతులు ఆవిడకు తెలుసని ఎవరో చెబితే, కొత్త ఇంటావిడ కేట్రియోనా ఒక మధ్యాహ్నం టీకి పిలిచింది. ఇంటి చరిత్ర నాలుగు ముక్కలు చెబితే వచ్చేవాళ్లకు చెప్పుకుంటానంది.

డోలీనా మంచి కోటు వేసుకుని, ఓట్స్ రొట్టెల డబ్బా పట్టుకుని, అలవాటు కొద్దీ ఇంటి వెనకవైపుకు వెళ్లింది. వంటింటి తలుపు ఉండాల్సిన చోట నేల నుంచి కప్పు దాకా అద్దం. అద్దం లోపలినుంచి కేట్రియోనా ముందువైపు రమ్మని చేత్తో చూపించింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఆ ముందు తలుపు దాటింది లేదు.

ఆ తలుపు తీసేది మూడు సందర్భాల్లోనే. కొత్త పాస్టరు లోపలికి వచ్చేటప్పుడు, పెళ్లికూతురు హాల్లో ప్రమాణం చెయ్యడానికి వచ్చినప్పుడు, శవపేటిక బయటికి వెళ్లేటప్పుడు. మిగతా లోకమంతా, ఎస్టేటు దొర దగ్గర్నుంచి చేపలమ్మే మనిషి దాకా, వంటింటి గుమ్మంలోంచే వచ్చేది. అనుకోకుండా ముందు తలుపు చప్పుడైతే అది మనిషి కాదు, ఎవరికోసమో వచ్చిన చావు. ఇలాంటివి బైబిల్లో ఎక్కడా లేవని పాస్టరు గారే అనేవారు. అనేవారే గానీ, తలుపు తీసేవారు కాదు.

చివరికి డోలీనా ముందునుంచే వెళ్లింది. టీ తాగుతూ గుర్తున్నదంతా చెప్పింది. చర్చి పొలంలో పండిన బంగాళాదుంపల గురించి, తేనెటీగలు పెంచి ఆదివారం ప్రసంగం మధ్యలో కుట్టించుకున్న పాస్టరు గురించి, జనం తగ్గి పక్క ఊరి చర్చితో కలిపేశాక ఇల్లు చెమ్మపట్టి ఖాళీగా పడున్న ఏళ్ల గురించి చెప్పింది. కేట్రియోనా కడుపుబ్బ నవ్వింది. తన దగ్గరా ఒక కథ ఉందంది.

"పోయిన మే నెలలో ఒక పెద్దాయన వచ్చారండీ, మనవరాలితో. దక్షిణాన దేశం సరిహద్దు వైపు వాళ్లు. కుర్రతనంలో ఈ లోయకు కరెంటు స్తంభాలు వెయ్యడానికి వచ్చారట. ఈ ఇంట్లో పనిచేసే అమ్మాయిని ఇమ్మని పాస్టరు గారిని అడగడానికి, శనివారం సాయంత్రం టై కట్టుకుని వచ్చి ముందు తలుపు కొట్టారట. ఎవరూ తియ్యలేదు. కిటికీలో దీపం ఉంది, తలుపు వెనక ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు కూడా వినబడిందట. ఇష్టం లేదు కాబోలు అనుకుని వెళ్లిపోయారట పాపం."

డోలీనా కప్పును జాగ్రత్తగా బల్లమీద పెట్టింది.

ఆ ఊపిరి ఆవిడదే. శనివారం వచ్చి పాస్టరు గారితో మాట్లాడమని స్తంభాలు వేసే కుర్రాడు గిల్బర్ట్ లైడ్లాకు చెప్పింది తనే. ఏ తలుపు దగ్గరికో చెప్పలేదు. ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి చెప్పాలని ఎవరికి తడుతుంది? మంచి జాకెట్టు వేసుకుని వంటింటి గుమ్మంలో కాచుకుని కూర్చుంది. అంతలో ముందు తలుపు చప్పుడైంది. మేడమీద పాస్టరు గారి తల్లి మంచం పట్టి ఉంది. డోలీనా నడవాలోకి పరుగెత్తి గడియ మీద చెయ్యి వేస్తే, పాస్టరు గారి చెల్లెలు గ్రిజెల్ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని తియ్యొద్దంది. చావేననుకుని డోలీనా తియ్యలేదు. ముసలావిడ మాత్రం ఆ తరవాత ఏళ్ల తరబడి గంజి తాగుతూ నిక్షేపంగా బతికింది.

మర్నాడు ఆదివారం. చర్చికి తప్ప గడప దాటకూడదు. సోమవారం తెల్లారేసరికి స్తంభాలవాళ్ల గుడారాలు లేచిపోయాయి. మాట ఇచ్చి ఎగ్గొట్టాడనుకుంది డోలీనా. ఆ కసి ఆమె రోరీ మీద తీర్చుకుంది. రోరీ తరవాత ఆమెను చర్చిలో పెళ్లాడినవాడు, పడవ మనిషి, ఒక్కనాడూ మాట తప్పనివాడు. ఫలానా వేళకు వస్తానని అతనంటే చాలు, వచ్చినప్పుడు చూద్దాంలే అని దెప్పేది. అతను పోయేదాకా దెప్పింది. అన్యాయంగా దెప్పింది.

"ఆయన ఇంకేమైనా అడిగాడా?" అంది.

"ఆ అమ్మాయి ఊళ్లో ఉందేమో తెలుసా అని అడిగారు. నేనప్పటికి కొత్త కదండీ. ఆ కాలం వాళ్లెవరూ మిగల్లేదని చెప్పేశాను. ఈ మే నెలకు మళ్లీ బుక్ చేసుకున్నారు. చలికాలంలో మనవరాలు ఫోన్ చేసి వద్దంది. పోయారట."

డోలీనాకు అతను కనబడ్డాడు. కుర్రవాడిగా కాదు, పోయిన మే నెలలో తన కిటికీలోంచి చూసిన ముసలాయనగా. టోపీ చేత్తో పట్టుకుని, గంట నొక్కకుండా, ముందు తలుపు ఎదుట చాలాసేపు నిలబడ్డాడు. దారి తెలియని టూరిస్టు మరొకడు అని నవ్వుకుని ఆవిడ తెర లాగేసింది. ఇద్దరి మధ్యా ఒక్క రోడ్డు. ఈ తప్పు ఇంక ఎవరి మీదకీ తొయ్యడానికి లేదనిపించి, ఆవిడకు ఏడుపొచ్చింది. కేట్రియోనా కంగారుపడి పక్కన వచ్చి కూర్చుంది.

"ఆ పిల్లను నేనే అమ్మాయ్" అంది డోలీనా.

కేట్రియోనా ఆవిడ చెయ్యి పట్టుకుంది. అడిగి ఉండాల్సింది, ఎవరినైనా ఒక్కరిని అడిగి ఉండాల్సింది అని గొణుక్కుంది. నీకేం తెలుసమ్మా అని డోలీనాయే ఆమెను ఓదార్చింది. తరవాత ముక్కు తుడుచుకుని లేచింది.

"నాకో పని చేసిపెట్టు. బయటికెళ్లి ఆ తలుపు కొట్టు."

కేట్రియోనా వెళ్లింది. తలుపు మూసుకుంది. డోలీనా నడవాలో, వెనకటికి తను నిలబడ్డ చోటే నిలబడింది. మూడు దెబ్బలు వినబడ్డాయి. పాత ఇనప గడియ ఎప్పుడో తీసేశారు, ఇప్పుడున్నది వేలితో తిప్పితే తెరుచుకునేది. తిప్పింది. బయట వానజల్లులో కేట్రియోనా తడుస్తోంది.

"లోపలికి రా" అంది డోలీనా, ఆమెను కాకుండా ఆమె పక్కనున్న ఖాళీ మెట్టును చూస్తూ. "ఇంట్లోనే ఉన్నాను."