మూడు రెక్కల కెటిల్

జులైలో ఒక సోమవారం ఉదయం పది గంటలకు నేను మస్తాన్ వలి చేతిలోంచి జారి గచ్చు మీద పడ్డాను. తోక దగ్గరి నాలుగు రెక్కల్లో ఒకటి ముక్కలైంది. ఇంకెవరికీ దెబ్బ తగల్లేదు.

నేను ఒక చెక్క క్షిపణిని. పొడవు మూర. నాలో మందు లేదు, యంత్రం లేదు. బంగాళాఖాతం ఒడ్డున ఒక సైనిక శిక్షణ కేంద్రంలో, శత్రువు దగ్గరున్న అసలు క్షిపణికి నకలుగా నన్ను చేశారు. చేసింది వడ్రంగి సింహాద్రి. అతనికి ఒక ఫొటో ఇచ్చారు. దాన్ని ఎవరు తీశారో, ఎక్కణ్నుంచి తీశారో అతను అడగలేదు. పాత తలుపు తాలూకు టేకు దిమ్మె ఒకటి తీసుకుని నన్ను చెక్కాడు.

పేరు పైనుంచి వచ్చింది. కెటిల్. శత్రువు తన క్షిపణికి ఏం పేరు పెట్టుకున్నాడో మనవాళ్ళకు తెలియదు. ఏ తుఫాను పేరో, ఏ రాజు పేరో పెట్టుకుని ఉంటాడు. తెలిసినా దాన్ని వాడరు. విమానం నుంచి వదిలే క్షిపణి పేరు 'క'తో మొదలవాలి, అందులో పొగడ్త ఉండకూడదు, వైర్‌లెస్‌లో ఒకసారి చెబితే అర్థం కావాలి. అదీ నియమం. అందుకే అల్మరాలో నాకు ఇటు కబాబ్, అటు కటోరా ఉండేవి. ఓడను ముంచగల వస్తువుకు మనుషులు పెట్టే పేర్లు ఇవి. పేరు పెట్టాక కొంచెం ధైర్యం వస్తుందనుకుంటాను.

పాఠం చెప్పేది సుబేదార్ సన్యాసిరావు. శ్రీకాకుళం మనిషి. ఆయనకో పద్ధతి ఉంది. మమ్మల్ని తువ్వాలు కింద పెట్టి, చేత్తో తడిమి పేరు చెప్పమంటాడు. "కన్ను అబద్దమాడేస్తాది. సెయ్యి ఆడదు" అంటాడు.

మస్తాన్ వలి అప్పటికి మెస్సులో వంటవాడు. ఊరు కనిగిరి. సముద్రం వైపు గోపురాలెక్కి ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండే పరిశీలకుడి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. మెస్సు వాళ్ళకు ఇచ్చింది ఒక్క ఖాళీ. వచ్చే ఏడాదికి అతనికి వయసు దాటిపోతుంది.

మొదటి రోజు మా పేర్లు విని, "ఏంది సాబ్ ఇది! కెటిలూ, కబాబూ, కటోరా! వంటింట్లోంచి తప్పించుకుందామని వస్తే ఇక్కడా వంటిల్లేనా?" అన్నాడు.

"నువ్వొస్తన్నావని తెలిసే ఎట్టారు లేరా" అన్నాడు సన్యాసిరావు.

నేను పడిన రోజు మస్తాన్ పూరీలు వేయించి, మమ్మల్ని తడిమి సాధన చేద్దామని నేరుగా క్లాసు గదికి వచ్చాడు. చేతికి నూనె ఉంది. గదిలో ఎవరూ లేరు. నన్ను ఏప్రన్‌లో చుట్టుకుని సింహాద్రి దగ్గరికి పరుగెత్తాడు.

"సింహాద్రన్నా, మధ్యాన్నం క్లాసు లోపల బాగుచెయ్యాల. తెలిసిందంటే నన్ను మళ్ళీ పూరీల కాడికే తోలతారు."

"నాలుగో రెక్కకి టేకు లేదు నా దగ్గిర."

"మూడుంటే చాల్లే అన్నా."

"ఒకపక్క బోడిగా ఒదిలీమంటావేటి? నా పరువేం గావాలి?"

సింహాద్రి ఇంకో రెండు రెక్కలు కూడా ఊడదీశాడు. ఖాళీ అయిన మూడు గాడుల్లో లప్పం నింపాడు. కొత్తగా రెండు గాడులు కొట్టి, మూడు రెక్కలూ సమదూరంలో ఉండేలా బిగించాడు. పైన రంగు వేశాడు. పాత గాడులు ఎక్కడున్నాయో తరవాత నాకే తెలియలేదు.

మధ్యాహ్నం తువ్వాలు కింద సన్యాసిరావు చెయ్యి నా తోక దగ్గర ఆగింది. ఆయన రెక్కలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఇంకెక్కడైనా అయితే రెక్క విరిగిందనుకుంటారు. ఆ కేంద్రంలో నమూనాలు మారడం మామూలు. పైనుంచి సమాచారం వస్తే ఒకదాని ముక్కు సాగేది, ఇంకోదాని నడుము తగ్గేది. ఎందుకు మార్చారో కిందికి చెప్పరు. కిందివాళ్ళు అడగరు.

"ఒరే, అవతలోడు ఓ రెక్క తీసేసినాడ్రా" అన్నాడు క్లాసుతో. "బరువు తగ్గించి స్పీడు పెంచేసినాడు."

క్లాసు రాసుకుంది. మస్తాన్ వలి కూడా రాసుకున్నాడు.

ఈ కొత్తరకానికి పేరేమిటని సన్యాసిరావు పైకి అడిగాడు. కింద ఎవరో చూసి ఉంటారని పైవాళ్ళు అనుకున్నారు. పైన ఎవరో చూసి ఉంటారని కిందివాళ్ళు అనుకున్నారు. ఆగస్టులో పేరు వచ్చింది. కెటిల్-బి. నాలాంటివి ఇంకో ఆరు చేసి మిగతా కేంద్రాలకు పంపమన్నారు.

"మూడే రెక్కలా?" అని సింహాద్రి ఒకసారి అడిగాడు.

"మూడే" అన్నారు. చేశాడు.

వాటికి రంగు ఆరుతుంటే మస్తాన్ వచ్చి కూర్చున్నాడు. "అన్నా, మనిద్దరం కలిసి శత్రువుకి ఒక క్షిపణి చేసిచ్చాం."

"పరీచ్చ అయ్యేదాకా నోరు మూసుకో" అన్నాడు సింహాద్రి.

సెప్టెంబరులో మేజర్ వాసంతి పరీక్ష పెట్టడానికి వచ్చారు. తువ్వాలు కింద పది నమూనాలు. ఖాళీ కోసం పోటీ పడుతున్న ఇంకో వంటవాడు అప్పటికే పదికి పది తెచ్చుకున్నాడు. మార్కులు సమానమైతే సీనియర్‌కే ఇస్తారు. సీనియర్ మస్తాన్ వలి. అతను తొమ్మిది పేర్లు సరిగ్గా చెప్పాడు. పదో వంతు నాది. చెయ్యి వచ్చి నా మీద ఆగింది.

"కెటిల్ మేడమ్."

"ఎ నా, బి నా?"

"ఒకటే కెటిల్ మేడమ్. బి అనేది లేదు."

"నా దగ్గరున్న జవాబుల్లో ఉంది. ఇంకోసారి తడిమి చూడు."

"చూడక్కర్లా మేడమ్. ఇది జులైలో నా చేతిలోంచే పడి విరిగింది. రేపు నేను గోపురం మీద ఉంటా. నాలుగు రెక్కల్ది వస్తంటే, పాతరకమేలే, నిదానంగా వస్తదిలే అనుకుంటా. నేనే కాదు, ఈ క్లాసంతా అట్నే అనుకుంటది."

"ఓర్నీ!" అన్నాడు సన్యాసిరావు. "స్పీడు గురించి రెండు నెలల్నుంచి పాఠం సెప్తన్నాను కదరా!"

మేజర్ ఆ జవాబుకు తప్పు గుర్తు పెట్టారు. ఒక కబురుతో పేరు పెట్టవచ్చు. పెట్టిన పేరు తీసెయ్యాలంటే రుజువు కావాలి. సింహాద్రిని పిలిపించారు.

"ఇది విరిగిందా?"

"అతుకెక్కడుందో మీరే సూపించండి మేడమ్."

మేజర్ నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. సన్యాసిరావు చూశాడు. మస్తాన్ వలి చూశాడు. ఎవరికీ కనబడలేదు.

"అన్నా, నీ పనికి వంక పెట్టేవాడే లేడు. అందరం ఒప్పుకున్నాం. ఇంక చెప్పన్నా. నీకు దణ్ణం పెడతా" అన్నాడు మస్తాన్.

సింహాద్రి మేజర్ వైపు తిరిగాడు. "ఇరిగిందని రాయకండి మేడమ్. బాగుచేసినానని రాయండి. అలాగైతే సూపిస్తాను."

మేజర్ అలాగే రాశారు. సింహాద్రి ఉలి తీసి రంగు గీకాడు. మూడు పాత గాడుల్లోంచి లప్పం పొడి బల్ల మీద రాలింది. చెక్కకు నొప్పి ఉండదు. సింహాద్రి మాత్రం ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

అక్టోబరులో కెటిల్-బి పేరు రద్దయింది. మిగతా కేంద్రాలకు వెళ్ళిన ఆరు నమూనాల్లో నాలుగు తిరిగి వచ్చాయి. జవాబుల్ని దిద్ది మార్కులు మళ్ళీ వేశారు. పదో ప్రశ్నకు సరైన జవాబు చెప్పింది ఒక్కడే. ప్రభుత్వ వస్తువు పాడుచేసినందుకు అతనికి వారం పాటు మెస్సులో అదనపు పని వేశారు. సన్యాసిరావు ఆ వారం రోజూ వెళ్ళి పూరీలు అడిగి మరీ వేయించుకున్నాడు.

నన్ను పనికిరాని సామాన్ల షెడ్డులో పెట్టారు. నా పైన ఒక టైపు మిషను ఉంది. సామాను దించే వాళ్ళు మాట్లాడుకునేదే ఇక్కడికి చేరే వార్త. కిందటి వారం విన్నది ఇది: మస్తాన్ వలి మూడో గోపురం మీద డ్యూటీలో చేరాడు. మొదటి రోజు సాయంత్రం ఫోనులో రిపోర్టు ఇచ్చాడు. ఏమీ కనబడలేదని చెప్పాడు.